తల ఎత్తండి

1. మంచు దిగిన మొదటి రోజు

తేలూరు ఆసుపత్రిలో తలవైపు నిలబడే మనిషి రోజూ నాలుగు ముక్కలు రాసిపెట్టాలని నియమం. తలవైపు నిలబడే మనిషంటే నేనే, మత్తు డాక్టర్ ఇందుమతిని. కత్తి పట్టేవాళ్లకి ఈ బాధ లేదు. వాళ్లు కోసి, కుట్టి, చేతులు కడుక్కుని పోతారు. మనిషి నిద్రపోయిన దగ్గర్నుంచి లేచేదాకా ఊపిరి బాధ్యత నాది కాబట్టి రాత బాధ్యత కూడా నాదేనట. ఏ మహానుభావుడు పెట్టాడో గానీ, ఆయనెప్పుడూ తడిచేతులతో కాగితం పట్టుకుని ఉండడు.

పొద్దున్న వార్డుకి నడుస్తుంటే ఓడల్ని కలిపి ఊరుగా కట్టిన గొలుసులు కూడా కనపడలేదు. మంచు అంత చిక్కగా దిగింది. కింద నీళ్లలో పాత ఊరి మేడలున్నాయన్న సంగతి ఇలాంటి రోజుల్లోనే గుర్తొస్తుంది. దారి తప్పిన పడవ అడుగు వాటికి తగిలితే చీలిపోతుంది.

బీరువా తెరిచి చూశాను. పాముకళ్లు రెండే మిగిలాయి. పాముకన్ను అంటే వేలంత లావు గొట్టం, కొసన గింజంత కెమెరా. నిద్రపోయిన మనిషి నోట్లో పెడితే నాలుక మలుపు తనే తిరిగి స్వరపేటిక ముందు ఆగుతుంది. తెర మీద చూసుకుంటూ ఊపిరిగొట్టంలోకి ట్యూబు జార్చేయడమే మన పని. అది చక్కని ఆడగొంతుతో ప్రతిసారీ మూడే మాటలు చెబుతుంది. "నోరు తెరవండి. తల ఎత్తండి. నెమ్మదిగా." మా గురువుగారూ దీంతోనే నేర్చుకున్నారు, నేనూ దీంతోనే నేర్చుకున్నాను. ఇప్పుడు ఉప్పుగాలికి ఒక్కొక్క కన్నే మసకబారుతోంది. కొత్తవి తెప్పిద్దామంటే, అవి తయారుచేసే ఊరు మునిగి చాలా కాలమైంది.

వార్డులో నూకాలప్ప కూర్చుని ఉంది. పక్కన ఆమె తమ్ముడు పైడియ్య, వలలో చిక్కిన చేపలా తెగ కదులుతున్నాడు. నూకాలప్ప అంటే ఎవరో తేలూరులో ఎవరికీ చెప్పక్కర్లేదు. సైరన్లు ఉప్పు తిని మూగబోయినప్పటి నుంచి, మంచు దిగితే ఓడ ముందు కొస మీద నిలబడి పడవల్ని కేకేసి పిలిచేది ఆమే. ఆ కేకని పట్టుకుని పడవలు ఇంటికి వస్తాయి.

"గొంతు బాగానే ఉంది డాట్రమ్మా. కేక పొడుగే తగ్గిపోనాది," అంది. "ముందర ఒకూపిరికి మూడు పడవల్ని పిలిసేదాన్ని. ఇప్పుడు ఒకటి పిలిసేసరికే ఆయాసం."

"పడుకోనేదండి," అన్నాడు పైడియ్య. "కూకునే నిద్దరోతంది."

"నువ్వూరుకోరా. నొప్పి నాదా నీదా?"

ఆమె మెడ ముందు గడ్డ గురించి ఊరందరికీ తెలుసు. నిరుడు నిమ్మకాయంత ఉండేది. ఇప్పుడు బత్తాయంత ఉంది. మా సర్జన్ మస్తాన్ వలి గారు వేళ్లతో తడిమి చూసి నన్ను పక్కకి పిలిచారు.

"తియ్యాల్సిందే అమ్మా. లోపలికి దిగుతా ఉంది. గాలిగొట్టాన్ని నొక్కుతా ఉంది. ఇంకొంత పెరిగితే ఊపిరాడదు."

నూకాలప్ప చెవులు పాము చెవులు. అక్కణ్ణుంచే అడిగింది. "తీసేత్తే గొంతు ఉంతాదా ఊడతాదా? కొండనాలిక్కి మందేత్తే ఉన్న నాలిక ఊడినట్టు సెయ్యకండి."

"గొంతు నరాలు గడ్డని అంటిపెట్టుకునే ఉంటాయి. తాకకుండా తీయడానికి నా శాయశక్తులా చూస్తా," అన్నారు మస్తాన్ గారు. ఆయన ఎప్పుడూ ఇంతకన్నా ఎక్కువ మాట ఇవ్వరు. అందుకే ఆయనంటే నాకు గౌరవం, కోపం కూడా.

2. ఎండ కాసింది

పాముకన్ను ఉండగానే పాముకన్ను లేకుండా చూడ్డం నేర్చుకోవాలని నిర్ణయించుకున్నాను. ఓడలోని పాత మందుల పెట్టెలో వంకీ తిరిగిన ఉక్కు బద్ద ఒకటి దొరికింది. దానికో పిడి, కొసన చిన్న దీపం. నాలుకని పక్కకి నెట్టి ఎత్తిపట్టుకుని, నేరుగా కంటితో స్వరపేటికని చూసేందుకు పూర్వం వాడేవారట. మా నర్సు సలోమి దాన్ని చూడగానే "గరిటలా ఉందండీ" అంది. ఇక దాని పేరు గరిటే.

నిద్రపోయిన మనిషి నోట్లోకి మొదటిసారి గరిట పెట్టి చూస్తే నాలుక తప్ప ఏమీ కనపడలేదు. నాలుక ఇంత పెద్దదని నాకు తెలియదు. మాట్లాడేటప్పుడు మనం చూసేది కొస మాత్రమే. మిగతాదంతా లోపల బండలా కూర్చుని ఉంటుంది. మనుషుల గురించి కూడా ఇదే మాట అనొచ్చు గానీ, ఇది ఆసుపత్రి రాత కాబట్టి ఆగుతున్నాను.

నేర్చుకున్నవి రాస్తున్నాను. దీపం మసగ్గా ఉంటే పని జరగదు. మనిషి సగం నిద్రలో ఉంటే దవడ బిగుసుకుంటుంది, పూర్తిగా నిద్రపోవాలి. పళ్లు ముందుకు పొడుచుకొచ్చినవాళ్లకీ, గడ్డం చిన్నగా లోపలికి ఉన్నవాళ్లకీ, మెడ పొట్టిగా ఉన్నవాళ్లకీ కష్టం. తన వేళ్లు మూడు తన నోట్లో నిలువుగా పట్టనివాళ్లకి మరీ కష్టం. గరిటని పళ్ల మీద ఆనించి మీటకూడదు, పిడి చూపించే దిక్కుకే ఎత్తాలి. ఈ చివరిది వరిబీజానికి వచ్చిన సత్తిరాజు గారి పన్ను కదిపాక తెలుసుకున్నాను. ఆయన లేచి నాలుకతో తడుముకుని, "కింద కోత్తామని పైన పీకేరేంటండీ?" అన్నారు. క్షమాపణ చెప్పుకున్నాను.

బల్ల పొట్టిగా ఉందని దాని కాళ్ల కింద చెక్కలు పెట్టించాను. నేను వంగి, ఒక కన్ను మూసి, నోటికి దగ్గరగా చూస్తుంటే మస్తాన్ గారు, "ఏందమ్మా, ఆయన పొద్దున ఏం తిన్నాడో వాసన చూస్తన్నావా?" అన్నారు. కోపమొచ్చి ఒకడుగు వెనక్కి వేశాను. వెనక్కి వేశాకే బాగా కనిపించింది. ఆయనకి చెప్పలేదు.

ఎంత కనిపించిందో రాయడానికి మా తేలూరు లెక్కే పెట్టుకున్నాను. రెండు తెల్లని స్వరతంతులూ పూర్తిగా కనిపిస్తే పున్నమి. సగం కనిపిస్తే అష్టమి. వాటి ముందుండే గొంతుమూత, అంటే మెతుకు గాలిగొట్టంలో పడకుండా కాసే ఆకులాంటి మూత, అదొక్కటే కనిపిస్తే విదియ. అదీ కనపడకపోతే అమావాస్య.

ఇప్పటిదాకా పున్నమి ఒక్కటీ లేదు. ఎక్కువగా విదియలే. చూడలేకపోయినవాళ్లందరికీ చివరికి పాముకన్నే వేశాను. అది ఎప్పటిలా "తల ఎత్తండి" అంది. నేను ఎప్పటిలా తల ఇంకాస్త వెనక్కి వంచాను, గడ్డం పైకప్పుని చూసేదాకా.

"దీపం బాగోలేదు," అన్నాను ఇవాళ.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు," అన్నారు మస్తాన్ గారు.

3. తూర్పుగాలి, తడి

పాముకళ్లు రెండూ పోయాయి. మొదటిది వారం కిందటే మసకబారింది. రెండోది ఇవాళ పొద్దున్న వెలిగించగానే తెర మీద పాలు ఒలికినట్టు తెల్లగా పరుచుకుంది. గొంతు మాత్రం బాగానే ఉంది. ఏమీ కనపడకపోయినా "తల ఎత్తండి. నెమ్మదిగా" అంటూనే ఉంది. నేను స్విచ్చి ఆపేశాను. దాంతోనే నా పని నేర్చుకున్నాను. నాకు ఏడుపొచ్చింది.

గుడ్డి కన్నా మెల్ల నయమని గరిటతోనే చిన్న ఆపరేషన్లు సాగిస్తున్నాను. విదియ కనిపించినా, గొంతుమూత కిందుగా ట్యూబుని గుడ్డిగా జార్చి నెట్టుకొస్తున్నాను. మామూలు మెడలకి అది చెల్లుతుంది. నూకాలప్ప మెడకి చెల్లదు. గడ్డ ఆమె స్వరపేటికని మధ్యలోంచి ఎడమకి నెట్టేసింది. అక్కడ గుడ్డిగా పొడిస్తే వాచిపోతుంది. వాచితే ఆ కాస్త సందూ మూసుకుపోతుంది. మూసుకుపోతే మనిషి చచ్చిపోతుంది. చావకపోయినా ఆ తంతులు చిరిగితే కేక పోతుంది.

"కంటితో చూసి వేస్తేనే వేస్తాను," అని మస్తాన్ గారితో చెప్పాను.

"చూడలేకపోతే?"

"లేపేస్తాను. తన ఊపిరి తను తీసుకుంటూనే నిద్రపోయేలా ఆవిరిమత్తు ఇస్తాను. ఊపిరి ఆపే మందు జోలికి పోను. మొదట ఒట్టినే చూస్తాను. కత్తి పక్కన పెట్టండి."

ఆయన గడ్డం గోక్కున్నారు. "సరే. చూడు."

4. మంచు, గాలి లేదు

చూశాను. అంటే చూడలేకపోయాను.

నూకాలప్పని కూర్చోబెట్టే ఆవిరి పట్టించాను. నిద్రలోకి జారాక బల్లని నెమ్మదిగా చదును చేశాం. గురక మొదలైంది. గడ్డ బరువుకి గాలి ఈల వేస్తున్నట్టు లోపలికి పోతోంది. తల వెనక్కి వంచాను. గరిట పెట్టాను. ఎర్రని కండ తప్ప ఏమీ లేదు. తల ఇంకా వంచాను. మెడ విల్లులా వంగింది, గడ్డ ఇంకా పొడుచుకొచ్చింది. దీపం మార్చాం. పొడుగాటి గరిట పెట్టాను. మస్తాన్ గారు మెడ బయటి నుంచి నొక్కారు. ఒక్క క్షణం గొంతుమూత అంచు తళుక్కుమని మాయమైంది. అమావాస్య. ఈల పలచబడింది. సలోమి "ఊపిరి తగ్గుతోందండీ" అంది.

ఆవిరి ఆపేసి, లేపి కూర్చోబెట్టాను. ఊపిరి మళ్లీ సరిగ్గా అందేదాకా ఆమె వీపు పట్టుకుని నిలబడ్డాను. భయమేసింది, చాలా భయమేసింది.

బయట నడవాలో మస్తాన్ గారితో గొడవపడ్డాను.

"మెడ కింద కోసి, అక్కణ్ణుంచి గొట్టం పెట్టలేరా?"

"యాడ కొయ్యమంటావు? గడ్డ రొమ్ము ఎముక దాకా దిగింది. గాలిగొట్టం దాని ఎనకాల. కోస్తే నెత్తురే గానీ గాలి రాదు."

"వదిలేస్తే?"

"ఈ మంచు నెలలు దాటదు," అన్నారు. తర్వాత మెల్లగా, "పక్క ఊళ్లో, కొత్తరేవులో వాళ్లు మెడ ఆపరేషన్లు మానేశారంట. ఆళ్ల పాముకళ్లు మనకన్నా ముందే పోయినయ్. పెద్దగడ్డ ఉన్నోళ్లని ఇంటికి పంపిస్తన్నారు," అన్నారు.

సాయంత్రం నూకాలప్ప పక్కన కూర్చున్నాను. ఆమెకి గొంతు గీరుకుపోయి ఉంది.

"సూసినావా నా కేకని?"

"లేదప్పా. కనపడలేదు."

"అదేటే! ఇన్నేళ్ల కాడ్నించి ఊరందరికీ ఇనపడతంది, నీకు కనపడ్డం నేదా?"

నవ్వుదామనుకున్నాను, నవ్వు రాలేదు. చెప్పాల్సింది దాచకుండా చెప్పాను. చూడకుండా పొడవలేనని, పొడిస్తే ఏమవుతుందో, మానేస్తే ఏమవుతుందో. పైడియ్య అప్ప కాళ్ల దగ్గర కూర్చుని దుప్పటి అంచు మడతలు పెడుతున్నాడు.

"అయితే మళ్లీ సూడు," అంది. "ఒక్కపాలి సూత్తే దొరకనిది రెండోపాలి సూత్తే దొరకదేటి? మా వోళ్లు సేప దొరకలేదని వల అమ్మేత్తారేటి?"

5. అదే మంచు

ఇవాళ జరిగింది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, నవ్వూ వస్తోంది.

పొద్దున్న నూకాలప్ప మెడ ఎంత వెనక్కి వంగుతుందో మెలకువగా ఉన్నప్పుడే కొలుద్దామని వెళ్లాను. మంచం మీద కాసేపు చదునుగా పడుకోగలనంది. దిండు తీసేశాను. మా ఆపరేషన్ గదిలో దిండే ఉండదు. ఓడ ఊగితే జారిపోతుందని ఎప్పుడో మానేశారు.

"ఇప్పుడు తల ఎత్తప్పా," అన్నాను.

ఆమె మంచం మీంచి తల పైకి లేపింది. గడ్డం రొమ్ముకి ఆనుకునేంతగా.

"అలా కాదు. తల ఎత్తు."

ఇంకా లేపింది. మెడ నరాలు తేలాయి. "ఎత్తినాను కాదేటి! ఇంకేటెత్తమంతావు? లేసి కూకోమంతావా?"

"అయ్యో, తల ఎత్తడమంటే... పైకి చూడు. ఇలా." నేను నిలబడే నా తల వెనక్కి వాల్చి చూపించాను.

"అది పైకి సూడ్డం. పైకి సూడమని సెప్పాల. పడుకున్నదాన్ని తలెత్తమంతే తలే ఎత్తుతాను గానీ, ఇంకేటెత్తుతాను? డాట్రుసదువులో ఇదా సెప్పినారు నీకు?"

పైడియ్య కిసుక్కుమన్నాడు. నేనూ నవ్వబోయి ఆగిపోయాను.

నిలబడ్డ మనిషితో "తల ఎత్తు" అంటే పైకి చూస్తాడు. సిగ్గుతో తల వంచుకున్నవాణ్ణి తలెత్తమంటాం. తలెత్తుకు తిరగమంటాం. మొహం పైకి రావడమే మనకి తలెత్తడం. కానీ పడుకున్న మనిషితో అదే మాట అంటే తల పక్క మీంచి లేస్తుంది. పాముకన్ను ఆ మాట ఎవరి గురించి చెబుతోంది? పడుకున్న మనిషి గురించి. తల ఎత్తండి. తలని, ఉన్నచోటి నుంచి, ఎత్తులో పెట్టండి. ఏ భాషలోంచి ఎవరు తెచ్చి పెట్టారో ఆ రెండు మాటలు. చెప్పినవాళ్లు సరిగ్గానే చెప్పారు. విన్నవాళ్లం నిలబడి విన్నాం. తలవైపు నిలబడేవాళ్లం కదా!

మా గురువుగారు తల వెనక్కి వంచారు. ఆయన్ని చూసి నేనూ వంచాను. పాముకన్ను మలుపులు తనే తిరుగుతుంది కాబట్టి తల ఎలా ఉన్నా దానికి ఒకటే. తప్పు తప్పుగానే ఇన్నాళ్లూ హాయిగా గడిచిపోయింది. మనిషి కన్ను మలుపు తిరగదు. నోరూ గొంతూ ఒక వరసలోకి వస్తేనే దానికి దారి.

"ఏటే డాట్రమ్మా, దెయ్యం పట్టినట్టు నిలబడిపోనావు?" అంది నూకాలప్ప.

"అప్పా, నీ తల అలాగే ఉంచి, ఇప్పుడు పైకి చూడు."

నేను నా అరచేతులు ఆమె తల కింద పెట్టి బరువు మోశాను. ఆమె మొహం పైకి తిప్పింది. గడ్డం ముందుకొచ్చింది. గోరుముద్ద అందుకోవడానికి పసిపిల్ల మొహం చాపినట్టుంది. మెడ విల్లులా వంగలేదు. గడ్డ సర్దుకుంది. ఈల తగ్గింది.

"ఇలగయితే ఊపిరి బాగాడతంది," అంది ఆమె ఆశ్చర్యంగా.

6. గాలి మారింది

నూకాలప్పని వెంటనే పడుకోబెట్టమని మనసు తొందరపెట్టింది. ఆగాను. ఇంటికన్నా గుడి పదిలమనుకుని, ముందు సులువైన మెడల మీద చూశాను. నిన్న అపెండిక్స్ ఆపరేషన్‌కి ఒకామె వచ్చింది. దుప్పట్లు మడిచి తల కింద పెట్టాను, చెవి రంధ్రం రొమ్ము ఎముక మీది గుంటతో ఒక మట్టానికి వచ్చేదాకా. తర్వాత మొహం వెనక్కి. గరిట పెట్టి ఎత్తాను.

పున్నమి.

"సలోమీ, ఇలా రా, చూడు," అని అరిచాను. ఆమె వంగి చూసి "అమ్మో, ఇవేనాండీ?" అంది. మస్తాన్ గారు కత్తి పట్టుకునే వచ్చి చూశారు. దుప్పటి మడతలు లెక్కపెట్టారు.

ఇవాళ నూకాలప్ప. ఊరు సగం నడవాలో ఉంది. పైడియ్య తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. ఆమెకి తల ఒక్కటే ఎత్తితే చాల్లేదు. భుజాల కింద నుంచే మెట్లలా దుప్పట్లు పేర్చాల్సి వచ్చింది. ఆవిరి పట్టించాను. ఈల మొదలైంది గానీ ఆగలేదు. గరిట పెట్టాను. నాలుక పక్కకి జరిగింది. గొంతుమూత పూర్తిగా కనిపించింది. విదియ.

"నొక్కండి," అన్నాను. మస్తాన్ గారు నొక్కారు. మాయమైంది.

"అటు కాదు."

"మరెటు?"

చెప్పేకన్నా చెయ్యడం తేలిక. నా కుడిచేత్తో ఆయన వేళ్లు పట్టుకున్నాను. గడ్డ ఎడమకి నెట్టిన పేటికని వెనక్కి, కాస్త పైకి, తిరిగి కుడివైపుకి జరిపాను. ఆయన వేళ్లు నా చేతి కింద వాదించకుండా కదిలాయి. తలుపు తెరుచుకున్నట్టు కనిపించింది. "అక్కడే ఉంచండి, కదలకండి," అన్నాను.

అష్టమి. చాలు.

రెండు తెల్లని తంతులు. గవ్వ లోపలి తెలుపు. ఆమె ఊపిరికి విచ్చుకుంటున్నాయి, దగ్గరవుతున్నాయి. తెర మీద వేలసార్లు చూశాను ఇలాంటివి. కానీ కంటికీ దానికీ మధ్య ఏమీ లేకుండా చూడటం వేరు. ఇన్నేళ్లుగా మంచులోంచి మనుషుల్ని ఇంటికి రప్పించింది ఇవా, ఇంత చిన్నవా అనిపించింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఊపిరి తీసుకుని అవి విచ్చుకున్నప్పుడు, వాటి మధ్యనుంచి ట్యూబు జార్చాను. దేన్నీ తాకలేదు.

గడ్డ తీయడానికి మస్తాన్ గారికి మధ్యాహ్నం దాకా పట్టింది.

ఇకమీద ఈ గదిలో "తల ఎత్తండి" అనే మాట నిషేధం. "తల కింద ఎత్తు పెట్టండి, ముద్దకి మొహం చాపించండి" అని గోడ మీద రాయించాను. కొత్తరేవుకి ఇదే చెప్పి పంపాను. వెళ్లే పడవవాడితో మూడుసార్లు అప్పజెప్పించుకున్నాను. ఇంటికి పంపినవాళ్లని వెనక్కి పిలవమని కూడా చెప్పమన్నాను.

7. మంచు

నూకాలప్ప లేచింది, తింటోంది, చదునుగా పడుకుని నిద్రపోతోంది. ఊపిరి బారెడు పొడుగు. కానీ గొంతు మారింది.

గుసగుసలే తప్ప మాటలు వద్దని కొన్నాళ్లు నోరు కట్టేశాను. అది ఆమెకి ఆపరేషన్ కన్నా పెద్ద శిక్ష. విప్పాక వచ్చింది వేరే గొంతు. బొంగురుగా, కిందిస్థాయిలో, మగవాడి గొంతులా. పైకి ఎక్కడం లేదు. కేకకి కావలసింది ఆ పైస్థాయే. గడ్డకి అంటుకున్న సన్నని నరమేదో దెబ్బతిందని మస్తాన్ గారంటారు. ట్యూబు ఒరుసుకుందేమోనని నేనంటాను. తప్పు నాదంటే నాదని ఇద్దరం వాదించుకున్నాం. నూకాలప్ప విని, "మీ తగువు మీరు తీరుబడిగా తేల్సుకోండి. నన్నొగ్గేయండి," అంది.

ఇవాళ ఎండలో బయల్దేరిన పడవల మీద మధ్యాహ్నం మంచు పడింది. ఆమె బదులు కేకకి పెట్టిన మనిషికి జ్వరం. పడవలన్నీ బయటే ఉన్నాయి, పైడియ్యది కూడా. నూకాలప్ప శాలువా కప్పుకుని ఓడ ముందు కొసకి నడిచింది. నేనూ మస్తాన్ గారూ వెనకే పరుగెత్తాం.

పాత అలవాటుతో కేక ఎత్తుకుంది. అది సగం ఎక్కి విరిగిపోయింది, గాలే మిగిలింది. మళ్లీ ఎత్తుకుంది, కింద నుంచి. లావుగా, బండగా వచ్చింది. దూరంగా తెడ్ల చప్పుడు వినిపించింది. ఆగింది. తర్వాత అటువైపు జరుగుతున్నట్టు పలచబడసాగింది.

"ఎందుకు పోతున్నారు?" అన్నాను.

"కొత్తరేవులో కేకేసే మగోడనుకుంటన్నారు," అన్నారు మస్తాన్ గారు. "మనది కాదని తిరిగిపోతన్నారు."

అటువైపు నీళ్ల కింద మేడలున్నాయి. ఊపిరి కాపాడాను, ట్యూబు ఎక్కడా తాకలేదు అని మురిసిపోయిన నేను, ఆ రెయిలింగ్ పట్టుకుని ఏమీ చేయలేక నిలబడ్డాను.

"నానేరా! నూకాల్నిరా!" అని అరిచింది.

మంచులోంచి పైడియ్య గొంతు వచ్చింది, సన్నగా, భయంగా. "మా అప్ప గొంతు అలగుండదు! ఎవులు నువ్వు?"

నూకాలప్ప రెయిలింగ్ మీదకి వంగింది. ఆమె మొహం చూడలేక నేను నీళ్లవైపు చూశాను. తర్వాత మొదలుపెట్టింది.

"ఎవులునా? ఓరి ఎర్రిగొట్టా! సంకనేసుకుని పెంచినదాన్ని ఎవులంతావురా? నీ ముక్కు తుడిసింది ఎవులురా? నీకు ఈత నేర్పింది ఎవులురా? గొంతు మారితే అప్ప మారిపోతాదేటి? తెడ్డు తిప్పు! ఒరే అప్పన్నా, నీకూ సెపుతున్నాను, ఇంటికాడ నీ పెళ్లాం గంజి కాసి కూకుంది, ఏ మేడల మీదకి పోతావురా సచ్చినోడా! సింహాద్రీ, నీ సెవుల్లో సీసం పోసినారేటి? రండి ఇటు! రండి బేగి!"

ఊపిరి ఆగలేదు. ఒకే ఊపిరిలో ఎందరిని తిట్టిందో. కేక కాదది, పాటా కాదు, పైస్థాయి అసలే లేదు. ఒట్టి తిట్లు, బొంగురుగా, నీళ్ల మీద పాకుతూ పోతున్నాయి.

తెడ్లు ఆగాయి. ఏమీ వినపడలేదు. మస్తాన్ గారు నా భుజం పట్టుకున్నారు. తర్వాత నీళ్లు తెగుతున్న చప్పుడు. దగ్గరగా. ఇంకా దగ్గరగా.

పడవ ముక్కు మంచులోంచి బయటికి వచ్చింది. పైడియ్య కింద నుంచి మొహం పైకెత్తి చూశాడు. ఏడుస్తున్నాడు.

"అప్పా! నీ గొంతుకేటైపోనాదే?"

"ఏటైతే నీకేటిరా, ఎక్కు పైకి. మిగతావోళ్లేరి?" అని, నూకాలప్ప మంచువైపు తిరిగి మళ్లీ తిట్టడం మొదలుపెట్టింది.